ఒక పోర్టికో కోసం ఓరుగల్లంతా తిరిగాను

జులైలో ఒక పొద్దున ఫోన్ మోగింది. అమ్మ కాదు, పక్కింటి అత్తమ్మ. "బిడ్డా, మీ అమ్మ ఇంటి ముంగట జారిపడ్డది. చెయ్యి వాచింది. పరేషాన్ కాకు గని, జర రా" అంది. సికింద్రాబాద్ నుంచి కాజీపేట దాకా రైల్లో నిలబడే వచ్చాను. మణికట్టు దగ్గర ఎముక విరిగింది. ఆరు వారాలు కట్టు తీయొద్దన్నారు డాక్టరు.

హనుమకొండలో మా ఇంటి గేటు తీసి, చెప్పులు విడిచి పోర్టికోలో అడుగుపెట్టానో లేదో, నా కాలు కూడా జర్రున జారింది. గోడ పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. వాన అప్పటికే ఆగింది. నేల మీద పల్చటి నీటి పొర మాత్రం ఉంది. ఆ పొర కింద నున్నగా, దంతం రంగులో, గోధుమ గీతలతో మెరిసిపోతున్న టైల్స్.

ఆ టైల్స్ ఏరింది నేనే. మూడేళ్ల కింద ఆఫీసు క్యాంటీన్‌లో కూర్చుని, షాపాయన వాట్సాప్‌లో పంపిన ఎనిమిది ఫొటోల్లో ఒకదాని మీద బొటనవేలు గుర్తు పెట్టాను. అంతే. హాల్లో వేసే టైల్‌నే బయట కూడా వేయించాను. ఫొటోలో ఏ టైలూ జారదు కదా!

అమ్మ ఒక్క మాట అనలేదు. కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, "బతుకమ్మ నాటికి చెయ్యి నయమైతదా?" అని మాత్రం అడిగింది. చెయ్యి సంగతి డాక్టరు చూసుకుంటారు, నేల సంగతి నేను చూడాలి అనుకున్నాను. చేతిలో ఉన్నది 20 వేలు. పోర్టికో కొలత 10 అడుగులు, 12 అడుగులు. అంటే 120 చదరపు అడుగులు, ముందు రెండు మెట్లు.

షాపులో నీళ్ల బాటిల్

ఈసారి ఫోన్లో కాదు, కాళ్లతో వెతకాలనుకున్నాను. శనివారం పొద్దున చిన్నమ్మ కొడుకు బండి మీద బయల్దేరాం. వరంగల్, హనుమకొండ, కాజీపేట అని పేరుకు మూడు ఊళ్లు గానీ బండి మీద పోతే ఒకటే ఊరు. దారి పొడవునా టైల్స్ షోరూములే. లోపల ఏసీ, పైన లైట్లు. ఆ లైట్ల కింద ప్రతి టైలూ పెళ్లికూతురిలాగే కనిపిస్తుంది.

"అవుట్‌డోర్‌కు కావాలి, తక్కువలో" అన్నాను. మూడు రకాలు చూపించారు. ఒకటి సెరామిక్. ఇంకొకటి విట్రిఫైడ్‌లో మ్యాట్ ఫినిష్. మూడోది పార్కింగ్ టైల్, గీతలూ బుడిపెలూ ఉండేది, కాస్త మందంగా ఉండేది. మొదటి రెండూ పక్కపక్కన పెడితే మనలాంటివాళ్లకు తేడా తెలియదు. కానీ తిరగేసి వెనకవైపు నాలుగు చుక్కల నీళ్లు పోస్తే తెలుస్తుంది. గోడకు వేసే మామూలు సెరామిక్ అయితే ఎండిన మట్టిలా పీల్చేస్తుంది. దాని బరువులో పదో వంతు కంటే ఎక్కువ నీళ్లు తాగగలదు. విట్రిఫైడ్ అర శాతానికి మించి తాగదు. టైల్స్‌కు మన దేశంలో ఉన్న ప్రమాణం ఐఎస్ 15622. అందులో రకాలను విడదీసేది కూడా ముఖ్యంగా ఈ నీళ్ల లెక్కతోనే. పెట్టె మీద ఆ నంబరు, నీటి శాతం రాసి ఉన్నాయో లేదో చూడండి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో వానలకు కాలనీలు మునిగిన ఊరు మాది. నీళ్లు తాగే టైల్ ఇక్కడ బయట వేయడం అంటే డబ్బు వాన నీళ్లలో పోసినట్టే.

సరే, నీళ్లు తాగదు. మరి జారదా? అక్కడే నేను మూడేళ్ల కింద బోల్తా పడ్డాను. నీళ్లు తాగకపోవడం వేరు, జారకపోవడం వేరు. మా ఇంట్లోవీ విట్రిఫైడే. ఒక్క చుక్క తాగవు, అందుకే నీళ్లన్నీ పైనే నిలబడి అమ్మ కోసం కాచుకున్నాయి.

జారుడుకు వేరే కొలత ఉంది. జర్మనీ వాళ్ల పద్ధతి. టైల్స్ పరిచిన వాలు బల్ల మీద నూనె పోసి, బూట్లు వేసుకున్న మనిషిని నడిపిస్తారు. బల్లను కొంచెం కొంచెం ఎత్తుతూ ఏ వాలు దగ్గర కాలు తడబడుతుందో చూస్తారు. దాన్ని బట్టి ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా గ్రేడ్ ఇస్తారు. 6 నుంచి 10 డిగ్రీల వాలులోనే జారితే ఆర్ 9. 19 డిగ్రీలు దాటినా నిలబడితే ఆర్ 11. వాన తగిలే చోట ఆర్ 11 ఉంటే నిశ్చింత. అయితే అది బూట్ల లెక్క. మనం పోర్టికోలో చెప్పులు విడిచేవాళ్లం. ఉత్త కాళ్లకు, సబ్బు నీళ్లతో చేసే పరీక్ష ఇంకొకటి ఉంది. దానికి ఏ, బీ, సీ అని గ్రేడ్లు, సీ అన్నిటికంటే గట్టిది. ఈత కొలనుల దగ్గర చూసేది దాన్నే.

"ఇది ఆర్ ఎంతన్నా?" అని అడిగాను. సేల్స్ కుర్రాడు నవ్వి, "యాంటీ స్కిడ్ అన్నా, బేఫికర్" అన్నాడు. యాంటీ స్కిడ్ అనే మాట ఎవరైనా ముద్రించుకోవచ్చు. తమ్ముడు మాట్లాడకుండా బ్యాగులోంచి నీళ్ల బాటిల్ తీసి శాంపిల్ టైల్ మీద పోశాడు. నేను చెప్పులు విడిచి దాని మీద నిలబడి, మడమ తిప్పి చూశాను. కుర్రాడు బిత్తరపోయాడు. లోపలి నుంచి ఓనరు వచ్చాడు. తిడతాడేమో అనుకున్నాం. "ఇట్ల చూసేటోళ్లు లేకనే గ్లాసీ ఎక్కువ పోతున్నది" అని తుడిచే గుడ్డ తెప్పించాడు.

అలా ఏడు టైల్స్ మీద నిలబడ్డాను. మ్యాట్ అని చెప్పినవాటిలో రెండు జారాయి. పార్కింగ్ టైల్స్‌లో ఒక్కటీ జారలేదు. ఫొటోలు తీసి అమ్మకు పంపాను. వెంటనే ఫోన్. "గా బుడిపెలది వద్దు బిడ్డా. గా సందులల్ల మట్టి ఇరికితే పుల్లతోని తియ్యాల్నా నేను? ఒంటి చేతితోని?"

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. నేను ఆదివారం సాయంత్రం రైలెక్కేస్తాను. రోజూ తుడిచేది అమ్మ. జారకుండా ఉండాలంటే గరుకు కావాలి, తుడవాలంటే నునుపు కావాలి. ఈ రెండిటి మధ్య ఎక్కడ ఆగాలో ఏ పెట్టె మీదా రాయరు.

వెయ్యి స్తంభాల గుడిలో తడి కాళ్లు

మధ్యాహ్నం తుంపర మొదలైంది. దారిలోనే కదా అని వెయ్యి స్తంభాల గుడికి పోయాం. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు వచ్చానో లెక్కలేదు. నేల వైపు చూడటం మాత్రం ఇదే మొదటిసారి.

1163లో కాకతీయ రుద్రదేవుడు కట్టించిన గుడి ఇది. శివుడు, విష్ణువు, సూర్యుడు, ముగ్గురికీ మూడు గర్భగుళ్లు. నల్లరాతి నంది మీద చెయ్యి పెడితే ఇప్పటికీ గాజులా చల్లగా, నున్నగా తగులుతుంది. రాయిని అద్దం చేయడం వాళ్లకు తెలియని విద్య కాదు. కానీ చెయ్యి తగిలే చోటు వేరు, కాలు పడే చోటు వేరు. తుంపరలో తడిసిన వేదిక మీద ఉత్త కాళ్లతో చుట్టూ నడిచాను. బయటి బండల్లో తర్వాతి మరమ్మతుల్లో వేసినవి కూడా ఉన్నాయి. ఏదైనా సరే, అరికాలికి సన్నటి గరుకు తగులుతూనే ఉంది. బుడిపెలు లేవు, గీతలు లేవు, ఇరుక్కునే సందులూ లేవు. ఇసక కాగితం కంటే మెత్తన, అద్దం కంటే గరుకు. అమ్మ అడిగింది ఇదే కదా!

పక్కనే కల్యాణ మండపం. శిథిలమైన దాన్ని 2006లో రాయి రాయి విప్పారు. మళ్లీ పేర్చి 2024 మార్చిలో తెరిచారు. నా స్కూలు, కాలేజీ, మొదటి ఉద్యోగం అన్నీ ఆ మధ్యలోనే అయిపోయాయి. కాకతీయుల గుళ్ల కింద పునాదిలో ఇసుక నింపేవారు. రామప్ప గుడి గురించి చెప్పేటప్పుడు గైడ్లు ఈ మాట తప్పకుండా చెబుతారు. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక నీళ్లలో తేలే ఇటుకల రీల్స్ చాలా వచ్చాయి గానీ, నాకైతే ఆ ఇసుకే ఎక్కువ ఆశ్చర్యం. బరువంతా మోసేది కంటికి కనిపించేది కాదు. ఆ సంగతి మా పోర్టికోలో ఇంకో రెండు రోజుల్లో గట్టిగా తెలియబోతోంది.

గుడి నుంచి కోటకు పోయాం. నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు, మధ్యలో పడి ఉన్న రాతి ముక్కలు. ఓరుగల్లు అంటేనే ఒంటి రాయి. ఏకశిలా నగరం అనే పేరు కూడా కోటలో ఉన్న ఆ గుట్ట వల్లే. రాయి పేరు పెట్టుకున్న ఊళ్లో పుట్టి, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో గుజరాత్ మోర్బీలో కాల్చిన టైల్‌ను ఫోన్లో చూసి కొన్నాను. మోర్బీని తక్కువ చేయడం లేదు. దేశంలో సెరామిక్ టైల్స్‌లో సింహభాగం ఆ ఊరి బట్టీల నుంచే వస్తుంది, ధర మనకు అందుతున్నదీ అందుకే. కానీ ఇంకొక దారి ఉందని అప్పటిదాకా నాకు తట్టలేదు.

బండల దుకాణం

దాన్ని తట్టించింది గిర్మాజీపేటలోని మా అమ్మమ్మ ఇల్లు. కోట నుంచి వస్తూ చాయ్‌కి ఆగాం. వసారా అంతా షాబాదు బండలు. నా వయసు కంటే ముందు వేసినవి. మధ్యలో, జనం నడిచే దారి మాత్రం నునుపు తేలింది. అంచుల్లో ఇంకా గరుకే. అమ్మమ్మ ఆ అంచుల మీదే నడుస్తుంది. "నడిమిట్ల తడి ఉంటె జారుతది, పక్కపొంటి జారది" అంది, అదేదో అందరికీ తెలిసిన సంగతే అన్నట్టు.

ఊరి బయట రోడ్డు పక్కన బండల దుకాణాలు ఉంటాయి. షోరూము కాదు, లైట్లు లేవు. రాళ్లు నిలువుగా ఆనించి ఉంటాయి, వాన పడితే తడుస్తుంటాయి. తడిసిన రాయి మీద నిలబడి చూడటానికి నీళ్ల బాటిల్ కూడా అక్కర్లేదు.

తాండూరు బండ వికారాబాద్ జిల్లాది. షాబాదు బండ దానికి పొరుగునే, కర్ణాటకలో కలబురగి జిల్లాది. కడప బండ నల్లగా ఉంటుంది. బేతంచర్ల బండ కర్నూలు వైపుది. ఇవన్నీ సున్నపురాయి జాతే. పొరలు పొరలుగా ఊడి వస్తాయి కాబట్టి, ఊడి వచ్చిన ముఖానికి సహజంగానే సన్నటి గరుకు ఉంటుంది. దాన్ని పాలిష్ పట్టకుండా అలాగే వేసుకోవాలి. పాలిష్ పట్టించారా, మళ్లీ మా పాత కథే. గ్రానైట్‌కూ ఇదే మాట. కరీంనగర్ టాన్ బ్రౌన్ దేశాలు దాటి పోతుంది, వంటింటి గట్టుకు దానికి సాటి లేదు. బయట వేసుకోవాలంటే మాత్రం మంటతో గరుకు చేసినదే తీసుకోవాలి, అది మా బడ్జెట్‌కు అందదు.

రంగు సంగతి కూడా. కడప నలుపు నాకు బాగా నచ్చింది. కానీ మే నెల మధ్యాహ్నం మా ఊళ్లో నల్లరాయి మీద ఉత్త కాలు పెట్టి చూడండి. తాండూరు పసుపు, బూడిద రంగులు కాస్త నయం.

దుకాణం పెద్దాయన మూడు జాగ్రత్తలు చెప్పాడు. సున్నపురాయికి యాసిడ్ పడదు. బాత్రూం కడిగే యాసిడ్ సరే, నిమ్మరసం, చింతపండు పులుసు పడ్డా మచ్చ తింటుంది. బండి నూనె కారితే పీల్చుకుంటుంది. మందం ఒకేలా ఉండదు కాబట్టి వేసే సుతారి మంచివాడు కావాలి. "రాయి సస్తనే బిడ్డా, సుతారే పిరం" అన్నాడు.

ఆ రెండో జాగ్రత్తతో మా లెక్క కుదిరింది. పోర్టికోలో సగం, తమ్ముడో నేనో బండి పెట్టే చోటు. అమ్మ అక్కడ నడవదు. మిగతా సగం, మెట్లు అమ్మవి. రెండు సగాలకూ ఒకే టైల్ ఎందుకు? బండి పెట్టే 60 చదరపు అడుగులకు పార్కింగ్ టైల్. అమ్మ నడిచే 60 అడుగులకు, మెట్లకు పాలిష్ లేని తాండూరు బండ.

పార్కింగ్ టైల్స్ కొనేటప్పుడు ఆ షోరూము ఓనరే ఒక దారి చూపించాడు. పెద్ద ఇళ్లకు పోగా మిగిలిన లాట్లు గోడౌన్‌లో ఉంటాయి. పది పన్నెండు పెట్టెలు మాత్రమే ఉంటే పెద్ద పని ఉన్నవాళ్లు తీసుకోరు, ధర బాగా తగ్గిస్తారు. మనలాంటి చిన్న పోర్టికోలకు అవి చాలు. పెట్టెల మీద షేడ్ నంబరు, సైజు ఒకటేనా అని ఒక్కొక్కటీ చూసుకోవాలి, అంతే. లెక్క ఇలా వేసుకున్నాం. 40 సెంటీమీటర్ల టైల్స్ పెట్టెకు ఐదు అంటే దాదాపు 8.6 చదరపు అడుగులు. 60 అడుగులకు కోతలకూ పగుళ్లకూ పదో వంతు కలిపితే 66. అంటే 8 పెట్టెలు. రేపు ఒకటి పగిలితే ఆ లాట్ మళ్లీ దొరకదు కాబట్టి ఇంకొకటి. మొత్తం 9.

వాటం

సుతారి కాకా వచ్చి ముందు చేసిన పని, పాత టైల్స్‌ను రూపాయి బిళ్లతో కొట్టుకుంటూ పోవడం. టక్ టక్ అని, ఉన్నట్టుండి డబ్ డబ్. "ఇను, లోపట డొల్ల." పగలగొట్టి చూస్తే టైల్ వెనక మధ్యలో ఒక ముద్ద సిమెంటు, నాలుగు మూలలా ఖాళీ. విట్రిఫైడ్‌కు ఉత్త సిమెంటు పాలు సరిగా పట్టవు, దానికి టైల్ అతికించే జిగురు వేరే ఉంటుంది, వెనకంతా పరచాలి. మూడేళ్ల కింద ఆ జిగురు ఖర్చు దండగ అన్నది కూడా నేనే.

ఇంకో తప్పు కూడా బయటపడింది. కాకా లెవెల్ పైపు పట్టి చూసి, "దీనికి వాటమే లేదు. నీళ్లు గేటు దిక్కు పోవుడు కాదు, ఇంటి దిక్కే వస్తున్నయ్" అన్నాడు. అమ్మ జారిన చోటు సరిగ్గా నీళ్లు నిలిచే చోటే. 100కు 1 వాలు ఉండాలి. అంటే మా 12 అడుగుల పొడవుకు గడప దగ్గరి కంటే గేటు దగ్గర దాదాపు అంగుళంన్నర దిగాలి. కంటికి తెలియదు, నీళ్లకు తెలుస్తుంది. టైల్ ఎంత గరుకుదైనా నీళ్లు నిలిస్తే నెల రోజుల్లో పాకుడు పడుతుంది. పాకుడు మీద ఆర్ 11 అయినా ఒకటే, ఆర్ 9 అయినా ఒకటే.

టైల్‌కూ టైల్‌కూ మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదలమన్నాను. ఎండకు సాగడానికి చోటు కావాలి. సందు లేకుండా అతికిస్తే అందంగా ఉంటుంది, వేసవిలో పైకి లేస్తుంది. కాకా నా వైపు చూసి, "ఫోన్ల చూసినవా?" అన్నాడు. అవునన్నాను. "మంచిదే సూసినవ్."

మూడు రోజుల పని. మొత్తం ఖర్చు 18 వేల చిల్లర. అందులో సగానికి పైగా పాత టైల్స్ పగలగొట్టడం, ఇసుక, సిమెంటు, కూలి. రాయి, టైల్స్ ఖర్చు నేను భయపడినంత కాలేదు. వారం దాకా బండి పెట్టొద్దన్నాడు కాకా. తమ్ముడు నాలుగో రోజే పెట్టబోతే అమ్మ కట్టు చెయ్యి ఊపి ఆపింది.

ఎంగిలి పూల బతుకమ్మ రోజు పొద్దున వాన. అమ్మ చేతికి కట్టు లేదు, పట్టు ఇంకా పూర్తిగా రాలేదు. కొత్త బండల మీద చాప వేసుకుని తంగేడు, గునుగు, బంతి ముందు పోసుకుని కూర్చుంది. పక్కింటి అత్తమ్మ పేరుస్తుంటే అమ్మ పూలు అందిస్తోంది. నీళ్లు సన్నటి గీతలా గేటు వైపు పోతున్నాయి. బండ మీద వేసిన ముగ్గు సగం తడిసినా గీత నిలబడే ఉంది. పాత టైల్స్ మీద చీపురు తగిలితే చాలు ముగ్గు మొత్తం పోయేది.

సాయంత్రం ఆడవాళ్లంతా బతుకమ్మలు ఎత్తుకుని వెయ్యి స్తంభాల గుడి వైపు బయల్దేరారు. అమ్మ తడి మెట్లు దిగుతుంటే నేను పక్కనే నిలబడ్డాను, చెయ్యి పట్టుకోకుండా. రెండో మెట్టు మీద ఒక్క క్షణం ఆగింది. అరికాలు అటూ ఇటూ రాసి చూసుకుంది. దిగింది.

రాత్రి నేను రైలెక్కాక ఫోన్ చేసింది. "గా బండ సందుల గునుగు పువ్వు ఇరికింది బిడ్డా. మెత్త చీపురుకు వస్తలేదు. వచ్చేటప్పుడు గట్టి బ్రష్షు ఒకటి తే. పొడుగు కట్టెది చూడు, వంగకుంట తోమొచ్చేది."